డ్రిఫ్టింగ్ (మోటారు క్రీడ)

డ్రిఫ్టింగ్ అనేది కారు వెనుక చక్రాలను కావాలనే జారనిచ్చి, ఆ జారుడును అదుపులో ఉంచుకుంటూ, మలుపు మొదటినుండి చివరివరకు కారును పక్కవాటుగా నడిపే ఒక మోటారు క్రీడ. ఇది జపాను దేశంలో 1970, 1980 దశకాలలో రూపుదిద్దుకొన్నది. 2000 తరువాత అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తదితర ప్రాంతాలలో విస్తృతంగా వ్యాపించినది. సాధారణ కారు పందేలలో విజేతను గడియారం నిర్ణయిస్తుంది. డ్రిఫ్టింగులో న్యాయనిర్ణేతలు నిర్ణయిస్తారు. కనుక దీనిని పరుగుపందెంతో కంటే జిమ్నాస్టిక్స్‌తో పోల్చడం సమంజసం.

ఈ క్రీడ వృత్తిపరంగాను, ఔత్సాహికంగాను కూడా జరుగుతున్నది. వృత్తి క్రీడాకారుల వెనుక ప్రాయోజకులు, మెకానిక్కుల బృందాలు ఉంటాయి. ఔత్సాహికుడు తన సొంత డబ్బుతో కొన్న పాత కారును తానే బాగుచేసుకొని, తానే నడిపి, విరిగితే తానే ఇంటికి చేర్చుకోవాలి. ఈ వ్యాసంలో ముఖ్యంగా ఔత్సాహికుల డ్రిఫ్టింగు, వారు పోటీలకు వాడే పాత కార్ల నిర్వహణ వివరించబడినవి.

భౌతిక సూత్రం

మలుపు తిరిగే ప్రతి వాహనానికీ అభికేంద్ర బలం కావాలి. దానిని అందించేది టైరుకు, రోడ్డుకు మధ్యనున్న ఘర్షణ. ద్రవ్యరాశిని వేగం యొక్క వర్గంతో గుణించి, మలుపు వ్యాసార్ధంతో భాగిస్తే ఆ బలం విలువ వస్తుంది. ఉదాహరణకు 1000 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో (సెకనుకు సుమారు 16.7 మీటర్లు) 40 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరగాలంటే దాదాపు 6,900 న్యూటన్ల బలం కావాలి. ఇది కారు బరువులో సుమారు 0.71 వంతు. వేగం రెట్టింపైతే కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది.

పొడిగా ఉన్న తారురోడ్డుపై టైర్లు ఇవ్వగలిగిన పట్టు బరువులో 0.9 వంతు అనుకుందాం. టైరుకున్న ఈ పట్టునే పక్కకు లాగడానికి, ముందుకు తోయడానికి పంచుకోవాలి. ఈ రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కనుక ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం ఉపయోగపడుతుంది. 0.9 వర్గం నుండి 0.71 వర్గం తీసివేసి వర్గమూలం కడితే సుమారు 0.55 వస్తుంది. అంటే పైన చెప్పిన మలుపులో కారును ముందుకు తోయడానికి మిగిలిన పట్టు 0.55 వంతు మాత్రమే. ఇంజను వెనుక చక్రాలపై అంతకు మించిన బలం ప్రయోగిస్తే అవి ఉన్నచోటనే గిర్రున తిరిగి పట్టు కోల్పోతాయి, కారు వెనుకభాగం మలుపు వెలుపలికి కొట్టుకుపోతుంది. ఇసుక నేలపై సైకిలు తొక్కుతూ వెనుక బ్రేకు గట్టిగా నొక్కిన పిల్లలందరికీ ఇది అనుభవమే.

ఈ స్థితిలో ముందు చక్రాలకు ఇంకా పట్టు ఉంటుంది. కారు ముక్కు మలుపు లోపలికి తిరిగిపోకుండా డ్రైవరు స్టీరింగును వ్యతిరేక దిశలో తిప్పుతాడు. అందువలన ఎడమవైపు మలుపులో పోతున్న కారు ముందు చక్రాలు కుడివైపు చూస్తూ కనిపిస్తాయి. వెనుక చక్రాల జారుడును యాక్సిలరేటరుతోను, కారు దిశను స్టీరింగుతోను ఏకకాలంలో సరిచూసుకుంటూ పోవడమే డ్రిఫ్టు. భయపడి యాక్సిలరేటరును ఒక్కసారిగా వదిలివేస్తే వెనుక టైర్లకు పట్టు హఠాత్తుగా తిరిగివచ్చి, కారు ఎదురుదిశలోకి విసిరివేయబడుతుంది. కొత్తవారు గోడను ఢీకొనడం తరచు ఇలాగే జరుగుతుంది. ఆపద సమయంలో కాలు వెనక్కు తీసుకోవడం మనిషికి సహజం. ఈ క్రీడలో మొదట మానుకోవలసినది ఆ అలవాటునే.

జారుడు మొదలుపెట్టే పద్ధతులు

మలుపులో ప్రవేశించేటప్పుడు వెనుక చక్రాల పట్టు తప్పించడానికి పలు పద్ధతులు ఉన్నాయి. చేతిబ్రేకు లాగి వెనుక చక్రాలను క్షణకాలం బిగించడం అన్నిటికంటే సులువైనది. క్లచ్చి నొక్కి, ఇంజను వేగం పెంచి, క్లచ్చిని ఠక్కున వదలి చక్రాలకు కుదుపునివ్వడం మరొకటి. దీనిని క్లచ్ కిక్ అంటారు. మలుపుకు ముందు కారును ఒకసారి వ్యతిరేక దిశకు ఊపి, ఆ ఊపుతోనే మలుపులోకి తిప్పడాన్ని ఫెయింట్ అంటారు. ఇందులో కారు బరువు ఒకవైపు నుండి మరొకవైపుకు మారడం వలన వెనుక టైర్లపై భారం తగ్గి అవి జారతాయి. శక్తివంతమైన ఇంజను ఉంటే మలుపులో యాక్సిలరేటరును గట్టిగా తొక్కడం మాత్రమే సరిపోతుంది.

ఈ పద్ధతులలో ప్రతిదానికీ ఒక ఖరీదు ఉన్నది. క్లచ్ కిక్కు క్లచ్చి పలకను, గేరుపెట్టెను, ఇరుసులను దెబ్బతీస్తుంది. చేతిబ్రేకు వెనుక బ్రేకులను, దాని తీగను అరగదీస్తుంది. కనుక డ్రైవరు ఏ పద్ధతికి అలవాటు పడ్డాడో అతని కారులో మొదట పాడైన భాగాన్ని చూసి చెప్పవచ్చు.

చరిత్ర

జపానులో ఈ విద్యకు ఆద్యుడుగా కునిమిత్సు తకహాషి (1940-2022) పేరు చెప్పుకుంటారు. ఆయన మొదట మోటారుసైకిలు పందేల క్రీడాకారుడు. 1961లో పశ్చిమ జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో హోండా వాహనంపై 250 సీసీ తరగతిలో గెలిచి, ప్రపంచస్థాయి గ్రాండ్ ప్రి గెలిచిన తొలి జపనీయుడయ్యాడు. 1962లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలో తీవ్రంగా గాయపడి, ఆ తరువాత కార్ల పందేలకు మారాడు. 1970 దశకంలో నిస్సాన్ కార్లను ఆయన మలుపులలో పక్కవాటుగా జార్చి, వేగం తగ్గకుండా బయటపడే తీరు ప్రేక్షకులను ఆకర్షించినది. అప్పటి టైర్లకు పట్టు తక్కువ. తకహాషికి జారుడు వేగానికి ఒక సాధనం. అదే ఒక కళగా, ఆపై పోటీగా మారడం తరువాతి తరంలో జరిగినది.

ఆ తరువాతి తరానికి ప్రతినిధి కేయిచి త్సుచియా (జననం 1956). తకహాషిని చూసి ప్రేరణ పొందిన ఆయన కొండదారులలో టొయోటా ఏయీ86 కారుతో సాధన చేశాడు. జపాను భాషలో కొండదారిని తోగె అంటారు. 1987లో త్సుచియా కొండదారిపై డ్రిఫ్టు చేస్తుండగా చిత్రీకరించిన 'ప్లస్‌పీ' అనే వీడియో వెలువడినది. దాని ఫలితంగా ఆయన లైసెన్సు కొంతకాలం నిలిపివేయబడినది. అయితే ఆ వీడియో ఎందరో యువకులను ఈ విద్యవైపు ఆకర్షించినది. త్సుచియాకు 'డ్రిఫ్ట్ కింగ్' అనే బిరుదు స్థిరపడినది. ఆయన వలయాల మీద కూడా సమర్థుడే. 1995లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో తన గురుతుల్యుడైన తకహాషితో, అకిరా ఈదాతో కలసి హోండా ఎన్ఎస్ఎక్స్ కారుపై జీటీ2 తరగతిలో విజేత అయ్యాడు. 1999లో అదే పందెంలో టొయోటా జట్టు సభ్యుడుగా మొత్తం మీద రెండవ స్థానం పొందాడు.

షుయిచి షిగెనో రచించిన 'ఇనిషియల్ డి' అనే బొమ్మల కథ 1995 నుండి 2013 వరకు ధారావాహికగా వెలువడినది. తండ్రి నడిపే టోఫు దుకాణపు సరుకును ఏయీ86లో వేకువజామున కొండదారిపై చేరవేసే కుర్రవాడు ఇందులో కథానాయకుడు. ఈ కథ, దాని ఆధారంగా 1998లో మొదలైన యానిమేషన్ ధారావాహిక డ్రిఫ్టింగును జపాను వెలుపల పరిచయం చేసినవి. 2006లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్: టోక్యో డ్రిఫ్ట్' దీనిని మరింత ప్రచారంలోకి తెచ్చినది. ఇందులో త్సుచియా చేపలు పట్టేవానిగా ఒక చిన్న పాత్రలో కనిపిస్తాడు.

నియమబద్ధమైన పోటీలు 'ఆప్షన్' పత్రిక స్థాపకుడు దైజిరో ఇనాదా, త్సుచియాల పూనికతో 'డీ1 గ్రాండ్ ప్రి' పేరుతో 2000-2001లో ఆరంభమైనవి. 2003లో ఈ పోటీని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇర్విండేల్ వలయంలో ప్రదర్శించారు. మరుసటి సంవత్సరం అమెరికాలో 'ఫార్ములా డ్రిఫ్ట్' పోటీలు మొదలైనవి. 2017లో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య టోక్యోలో తన తొలి ఖండాంతర డ్రిఫ్టింగ్ కప్పును నిర్వహించి ఈ క్రీడకు అధికారిక గుర్తింపునిచ్చినది.

పోటీ జరిగే విధానం

మొదటి అంచెలో ప్రతి డ్రైవరూ ఒంటరిగా నడుపుతాడు. నిర్ణీత మార్గంలో పోయాడా, కారు ఎంత కోణంలో ఉన్నది, ఎంత వేగంతో ప్రవేశించాడు, నడక ఎంత నిండుగా ఉన్నది అనే అంశాలపై మార్కులు వేస్తారు. మార్గంలో కొన్ని గుర్తులు ఉంటాయి. లోపలి గుర్తు దగ్గర కారు ముక్కు, వెలుపలి గుర్తు దగ్గర కారు తోక వీలైనంత సమీపంగా రావాలి.

రెండవ అంచెలో ఇద్దరిద్దరు తలపడతారు. ఒకరు ముందు పోగా మరొకరు వెనుకనే అదే కోణంలో అంటిపెట్టుకొని పోవాలి. తరువాత స్థానాలు మారతాయి. ముందున్నవాడు సొంత నడకను చూపాలి, వెనుకనున్నవాడు నీడవలె అనుసరించాలి. న్యాయనిర్ణేతలు తేల్చుకోలేకపోతే మళ్ళీ నడపమంటారు. పొగలో, చేతిదూరంలో ఉన్న మరో కారు పక్కన ఇలా నడపడం వలన చిన్న తాకిళ్ళు మామూలే. పగిలిన బంపరును ప్లాస్టిక్ పట్టీలతో గుడ్డ కుట్టినట్లు కుట్టుకొని పోటీలోకి తిరిగిరావడం ఔత్సాహికులలో సర్వసాధారణం, కొంత గర్వకారణం కూడా.

జపానులో ఫుకుషిమా జిల్లా నిహొన్‌మత్సు సమీపంలో కొండపైనున్న ఎబిసు సర్క్యూట్ ఔత్సాహికులకు యాత్రాస్థలం వంటిది. ఇక్కడ ఏటా జరిగే 'డ్రిఫ్ట్ మత్సురి' (మత్సురి అనగా జాతర)లో పాల్గొనడానికి విదేశాలనుండి కూడా వస్తారు. 2021 ఫిబ్రవరి 13న వచ్చిన భూకంపంలో కొండచరియలు విరిగిపడి ఈ ప్రాంగణానికి తీవ్ర నష్టం కలిగినది. అమెరికాలో డ్రిఫ్టింగుకు పుట్టిల్లుగా పేరుపొందిన ఇర్విండేల్ వలయం 2024 డిసెంబరులో మూతబడినది. ఇటువంటి స్థలాలు తగ్గినకొద్దీ ఔత్సాహికులకు చట్టబద్ధంగా సాధన చేసే అవకాశం తగ్గుతుంది.

ఔత్సాహికులు వాడే కార్లు

డ్రిఫ్టింగుకు ఇంజను ముందు ఉండి, వెనుక చక్రాలను తిప్పే కారు అనుకూలం. 1980 దశకం నుండి చిన్నకార్ల తయారీదారులు ఖర్చు, స్థలం కలిసివస్తాయని ముందుచక్రాల చోదనకు మారిపోయారు. కనుక ఈ క్రీడకు తగిన చవక కార్లు ఆనాటికే పాతవైపోతున్న కొన్ని నమూనాలలోనే మిగిలాయి.

టొయోటా ఏయీ86 (1983-1987) వీటిలో మొదటిది. అదే తరానికి చెందిన ఇతర కరోలా కార్లు ముందుచక్రాల చోదనకు మారగా, ఇది మాత్రం పాత పద్ధతిలోనే వెనుకచక్రాల చోదనతో మిగిలిపోయినది. దీని 4ఏ-జీఈ ఇంజను సామర్థ్యం 1587 ఘనసెంటీమీటర్లు. కారు బరువు సుమారు 950 కిలోలు మాత్రమే. జపనీయులు దీనిని 'హచి-రోకు' (ఎనిమిది-ఆరు) అని పిలుస్తారు. శక్తి తక్కువ కాబట్టి జారుడు నిలబెట్టడానికి డ్రైవరు వేగాన్ని ఏమాత్రం వృథా చేయకూడదు. ఈ కారు మంచి గురువని పేరు పొందడానికి కారణం ఇదే.

నిస్సాన్ సిల్వియా ఎస్13, దాని తోబుట్టువు 180ఎస్ఎక్స్ ఆ తరువాత ఔత్సాహికుల ప్రధాన వాహనాలైనవి. 1988లో వచ్చిన ఎస్13లో మొదట 1809 ఘనసెంటీమీటర్ల సీఏ18, 1991 నుండి 1998 ఘనసెంటీమీటర్ల ఎస్ఆర్20 ఇంజను అమర్చారు. తరువాతి ఎస్14, ఎస్15 నమూనాలు 2002 వరకు తయారైనవి. 180ఎస్ఎక్స్ కారుకు పైకి లేచే దీపాలు ఉంటాయి. ముక్కు దెబ్బతిన్నప్పుడు ఆ దీపాలతో సహా బాగుచేయడం ఖర్చుతో కూడిన పని కావడంతో, యజమానులు చవకగా దొరికే సిల్వియా ముక్కును దానికి తగిలించేవారు. ఈ కలగలుపు కారుకు 'సిల్‌ఎయిటీ' అనే పేరు వచ్చినది. అవసరం కొద్దీ చేసిన మరమ్మతు చివరకు ఒక కోరదగిన నమూనాగా మారడం ఈ క్రీడ స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. ఐరోపాలో బీఎమ్‌డబ్ల్యూ ఇ30, ఇ36 కార్లు ఇదే స్థానం ఆక్రమించినవి.

జపానులో కారు కొత్తగా కొన్న మూడేళ్ళకు, ఆ తరువాత ప్రతి రెండేళ్ళకు 'షాకెన్' అనే తప్పనిసరి తనిఖీ ఉంటుంది. దాని ఖర్చు భరించడం కంటే అమ్మివేయడం మేలనుకునే యజమానుల వలన పాత కార్లు చవకగా లభించేవి. కుడివైపు స్టీరింగు గల న్యూజీలాండ్, ఐర్లాండ్, బ్రిటన్ వంటి దేశాలకు అవి పెద్దసంఖ్యలో చేరాయి.

పాత కారు నిర్వహణ

ముప్పై ఏళ్ళ కిందట రోజువారీ ప్రయాణానికి తయారైన కారును డ్రిఫ్టింగుకు వాడితే, దాని రూపకర్తలు ఊహించని ఒత్తిడులు దానిపై పడతాయి. కారు పక్కకు పోతుంది, ఇంజను గరిష్ఠ వేగంలో ఉంటుంది, చక్రాలు పూర్తిగా ఒకవైపు తిరిగి ఉంటాయి. ఔత్సాహికుడు సాధారణంగా ఒక దినం నడిపితే పలు సాయంత్రాలు కారు కిందనే గడపవలసి ఉంటుంది.

చట్రం, తుప్పు

పాత కారు కొనేటప్పుడు మొదట చూడవలసినది ఇంజను కాదు, చట్రం. ఇంజనును మార్చవచ్చు, తుప్పుపట్టిన చట్రాన్ని మార్చడమంటే మరో కారు కొనడమే. మంచు కురిసే ప్రాంతాలలో రోడ్లపై ఉప్పు చల్లడం వలన కారు అడుగుభాగం లోపలినుండి తినివేయబడుతుంది. సస్పెన్షన్ స్తంభాల పైభాగం, జాకీ పెట్టే చోట్లు, వెనుక చక్రాల పైనున్న రేకు, అడుగు దూలాలు ముఖ్యంగా పరీక్షించాలి. రంగు ఉబ్బినచోట చిన్న సుత్తితో తట్టితే మంచి ఉక్కు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మందంగా పలుకుతుంది. రక్షణ పంజరాన్ని వెల్డింగు చేసేది ఈ రేకుకే కనుక, ఇది గట్టిగా లేకపోతే పంజరం ఉండీ ప్రయోజనం లేదు.

ఇంజను నూనె

మలుపులో పళ్ళెంలోని నీరు ఒక పక్కకు చేరినట్లే ఇంజను అడుగున ఉన్న నూనె కూడా ఒక పక్కకు చేరుతుంది. నూనె పీల్చే గొట్టం మూతి క్షణకాలం గాలిని పీలిస్తే బేరింగులపై నూనె పొర తెగిపోతుంది. ఇంజను అప్పుడు నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరుగుతుంటుంది గనుక ఆ క్షణమే చాలు. దీనికి విరుగుడుగా నూనె తొట్టిలో అడ్డుపలకలు అమరుస్తారు. కారులో ఫ్యాక్టరీవారు పెట్టిన నూనె పీడన సూచిక నిదానంగా స్పందిస్తుంది కనుక విడిగా మరొకటి పెట్టుకోవడం మంచిది. నూనెను కిలోమీటర్ల లెక్కన కాక పోటీదినాల లెక్కన మార్చాలి. తీసిన నూనెను వెలుతురులో చూసినప్పుడు మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయని అర్థం. ఆ స్థితిలో ఆగిపోతే కొన్ని భాగాలు మార్చి సరిపెట్టవచ్చు. మరొక్క దినం నడిపితే సాధారణంగా ఇంజనే పోతుంది.

ప్రతి ఇంజనుకూ దానిదైన బలహీనత ఉంటుంది. ఎస్ఆర్20 ఇంజను గరిష్ఠ వేగపు హద్దును పదేపదే తాకితే కవాటాలను తెరిచే రాకర్ ఆర్మ్‌లు తమ స్థానం నుండి ఊడిపడతాయి. ఇవి ఊడకుండా చిన్న అడ్డుకట్టలు అమర్చుకుంటారు. 4ఏ-జీఈ, సీఏ18 ఇంజన్లలో టైమింగును నడిపేది రబ్బరు బెల్టు కనుక, బెల్టు ఎప్పుడు వేశారో తెలియని కారు కొంటే ముందుగా దానిని మార్చివేయడం ఉత్తమం.

చల్లదనం

సాధారణంగా కారు ముందుకు పోయేటప్పుడు గాలి నేరుగా రేడియేటరులోకి వస్తుంది. డ్రిఫ్టులో గాలి పక్కనుండి వస్తుంది, ఇంజను మాత్రం పూర్తి వేడి పుట్టిస్తుంటుంది. అందువలన పెద్ద రేడియేటరు, దాని చుట్టూ సందులు లేని తొడుగు, మంచి ఫ్యాను అవసరం. వయసుమీరిన రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపించినా, నొక్కితే పెళుసుగానో మరీ మెత్తగానో ఉంటాయి. అటువంటివాటిని ఆలోచించకుండా మార్చాలి. రేడియేటరు మూత చిన్న భాగమే అయినా దాని స్ప్రింగు బలహీనపడితే పీడనం నిలవక నీరు ముందుగానే మరుగుతుంది. ఉష్ణోగ్రత ముల్లు పైకి పోయిన తరువాత కూడా నడిపితే అల్యూమినియం సిలిండర్ హెడ్డు వంకరపోతుంది. స్టీరింగుకు సహాయపడే ద్రవం కూడా డ్రిఫ్టులో బాగా వేడెక్కుతుంది. దానికోసం విడిగా ఒక చిన్న కూలరు పెట్టడం పరిపాటి.

స్టీరింగు, సస్పెన్షన్

కారు ఏ కోణం వరకు జారి తిరిగి రాగలదో ముందు చక్రాలు ఎంత తిరగగలవో అన్నదానిని బట్టి ఉంటుంది. అందుచేత ఔత్సాహికులు నకిల్‌లను మార్చి స్టీరింగు కోణం పెంచుతారు. స్టీరింగు కడ్డీలు పోటీలో సులభంగా వంగేవి కనుక ఒక జత అదనంగా వెంట తీసుకుపోతారు. పాత రబ్బరు బుష్‌లు గట్టిపడి చీలిపోతాయి. బుష్ వదులైతే వెనుక చక్రం దిశ భారాన్ని బట్టి మారుతూ, కారు ఒక్కొక్క మలుపులో ఒక్కొక్క విధంగా ప్రవర్తిస్తుంది. కొత్త డ్రైవరు ఇది తన లోపమే అనుకొని నెలల తరబడి ఇబ్బంది పడవచ్చు. పనితనం పెంచే ఖరీదైన భాగాలు కొనేముందు కారును ఫ్యాక్టరీనుండి వచ్చిన స్థితికి తేవడం ఉత్తమమని అనుభవజ్ఞులు చెప్పడం ఇందుకే.

డిఫరెన్షియల్

మామూలు కారులో డిఫరెన్షియల్ రెండు వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. డ్రిఫ్టుకు రెండూ కలసి తిరిగి కలసి జారాలి. పరిమితంగా జారే డిఫరెన్షియల్ ఇందుకు సరైనది, ఖరీదైనది. డబ్బు లేనివారు లోపలి గేర్లను వెల్డింగు చేసి రెండు ఇరుసులనూ ఒకటిగా కలిపివేస్తారు. ఇది చవక, పని చేస్తుంది కూడా. అయితే మెల్లగా మలుపు తిరిగినా టైర్లు కీచుమంటూ ఈడ్చుకుపోతాయి, ఇరుసులపై భారం పెరుగుతుంది. వెల్డింగు సరిగా లేక ముక్క విరిగి గేర్ల మధ్య పడితే వెనుక చక్రాలు అకస్మాత్తుగా బిగుసుకుపోయే ప్రమాదం ఉన్నది. అటువంటి కారును ప్రజల రోడ్డుపై నడపడం ఏవిధంగాను మంచిది కాదు.

బ్రేకులు, టైర్లు

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకపు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఉండాలి. తేమ పీల్చిన తరువాత ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడల్ నేలను తాకినా బ్రేకు పడదు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న కారును పోటీకి తీసుకుపోయేవారు ముందుగా చేయవలసిన పనులలో ద్రవం మార్చడం ఒకటి.

వెనుక టైర్లు కొన్ని చుట్లలోనే అరిగిపోతాయి. ఔత్సాహికులు వీటికి సగం అరిగిన పాత టైర్లు కొంటారు. టైరు పక్కగోడపై ఉండే నాలుగంకెలు దాని తయారీ తేదీని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారమని అర్థం. మరీ పాత టైరు పైపొర ఊడి, కొరడా వలె కొట్టి, చక్రం పైనున్న రేకును, లోపలి తీగలను చీల్చివేయగలదు. ముందు టైర్ల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. కారును దారిలో ఉంచేది వాటి పట్టే. చక్రాల నట్లు ప్రతి విడత నడిపిన తరువాత టార్కు రెంచితో సరిచూసుకోవాలి. ఎస్13 వంటి కార్లకు ఈ బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. వేడి వలన, అదురు వలన ఇవి వదులవుతాయి.

కార్ల కొరత

చవక కావడం వలననే ఈ కార్లు డ్రిఫ్టింగుకు ఆధారమైనవి. డ్రిఫ్టింగు ప్రసిద్ధి చెందడం వలననే ఇప్పుడు చవకగా దొరకడం లేదు. తయారీ ఆగిపోయిన కారు ఒకటి గోడకు తగిలి నుజ్జయితే ప్రపంచంలో ఉన్నవాటిలో ఒకటి తగ్గినట్లే. అదనంగా, అమెరికాలో 25 ఏళ్ళు నిండిన కార్లకు అక్కడి భద్రతా ప్రమాణాల నుండి దిగుమతి సమయంలో మినహాయింపు ఉన్నది. అందువలన ఒక్కొక్క జపాను నమూనాకు ఆ వయసు వచ్చినకొద్దీ దానికి గిరాకీ పెరుగుతున్నది. ఈ విధంగా పెరిగిన ధరను ఔత్సాహికులు హాస్యంగా 'డ్రిఫ్ట్ టాక్స్' అంటారు.

విడిభాగాల సమస్య ఇంతకంటే కఠినమైనది. దీనిని గుర్తించి టొయోటా సంస్థ 2021లో ఏయీ86 యొక్క స్టీరింగ్ నకిల్ ఆర్మ్‌లను, వెనుక బ్రేకు క్యాలిపర్లను తిరిగి తయారుచేయ సాగినది. ఈ కారు పేరును స్మరిస్తూ అదే సంస్థ 2012లో '86' అనే కొత్త వెనుకచక్రాల చోదన కారును విడుదల చేసినది. వాడిన 86 కార్లు, పాత బీఎమ్‌డబ్ల్యూలు క్రమంగా సిల్వియాల స్థానంలోకి వస్తున్నాయి. ఇంకా మంచిస్థితిలో ఉన్న ఏయీ86ను పోటీకి దింపాలా, దాచిపెట్టాలా అన్నది యజమానుల మధ్య తెగని వాదం. దాచినవారికి కారు మిగులుతుంది. కాని ఆ కారుకు పేరు తెచ్చినది దానిని దాచనివారు.

భద్రత, చట్టం

పోటీలలో శిరస్త్రాణం, పలుపట్టీల బెల్టు, గట్టిగా బిగించిన ఆసనం సాధారణంగా తప్పనిసరి. ఇద్దరు కలసి నడిపే పోటీలకు రక్షణ పంజరం, మంటలార్పే సాధనం కూడా అవసరం. బ్యాటరీ గట్టిగా బిగించి ఉన్నదా, ద్రవాలేమైనా కారుతున్నాయా, కారులో విడి వస్తువులు ఉన్నాయా అని నిర్వాహకులు ముందుగా తనిఖీ చేస్తారు.

ఈ క్రీడ కొండదారులలో పుట్టినది నిజమే. అయితే ఆ దారులలో ఎదురుగా వచ్చే వాహనాలు, గోడ లేని లోయలు ఉంటాయి. జపాను అధికారులు అనేక కొండదారుల మధ్యగీతలపై స్తంభాలు నాటి, మలుపులలో గతుకుల పట్టీలు వేసి దీనిని నిరోధించారు. వలయంలో పొరపాటు చేస్తే సాధారణంగా కారు పోతుంది, రోడ్డుపై చేస్తే ఆ ఆటతో సంబంధం లేనివారి ప్రాణం పోవచ్చు.

భారతదేశంలో

1983లో మారుతి 800 వచ్చిన తరువాత భారతదేశపు చిన్నకార్లలో ముందుచక్రాల చోదన ప్రధానమైనది. అంతకు ముందరి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1984లో వచ్చిన కాంటెస్సా వెనుకచక్రాల చోదన కలవి. వీటిలో కాంటెస్సాను ఈ పనికి మలచుకోవాలని కోరుకునే ఔత్సాహికులు ఉన్నారు. వాడిన కార్ల దిగుమతిపై కఠిన నిబంధనలు ఉన్నందున పాత సిల్వియా, ఏయీ86 వంటివి ఇక్కడ సాధారణ ఔత్సాహికునికి అందుబాటులో లేవు. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు సమీపంలోని కారి, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ వలయాలు దేశంలో మోటారు క్రీడలకు ప్రధాన వేదికలు. ప్రజలు తిరిగే రోడ్లపై అనుమతి లేకుండా పందేలు పెట్టడం, వాటిలో పాల్గొనడం మోటారు వాహనాల చట్టం, 1988 లోని 189వ సెక్షను ప్రకారం శిక్షార్హమైన నేరం.